గాలిపటాన్ని నిలిపేది దారమే



సంక్రాంతి సెలవులలో బాపట్ల దగ్గర సూర్యలంకకో, బందరు దగ్గర మంగినపూడికో పిల్లలను తీసుకువెళ్ళే కుటుంబాలు అనేకం. రెండు వెదురు పుల్లలు, ఒక పలుచని కాగితం, ఒక తోక. గాలిపటమంటే ఇంతే. ఊళ్ళో చెట్టుకో, కరెంటు తీగకో చిక్కుకునే ఆ పటం సముద్రపు ఒడ్డున చాలాసేపు ఆకాశంలో నిలుస్తుంది.

దీనికి కారణం ఉంది. పగటి ఎండకు నేల త్వరగా వేడెక్కుతుంది, సముద్రపు నీరు నిదానంగా వేడెక్కుతుంది. నేలమీది వేడిగాలి పైకి లేస్తే, ఆ చోటికి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. ఒడ్డున దానికి ఇళ్ళు, చెట్లు అడ్డులేవు గనుక నిలకడగా వీస్తుంది. యోహాను సువార్త 3వ అధ్యాయములో ప్రభువు నీకొదేముతో మాట్లాడినప్పుడు గాలినే సాదృశ్యముగా చెప్పెను. గ్రీకు భాషలో గాలికిని ఆత్మకును ఒకే మాట ఉన్నది.

అయితే గాలి ఒక్కటే చాలదు. "ఈ దారం లేకపోతే పటం ఇంకా పైకి పోతుంది కదా నాన్నా?" అని పిల్లలు అడుగుతారు. పోదు. దారం పటాన్ని గాలికి ఎదురుగా, ఏటవాలుగా నిలిపి ఉంచుతుంది. అందువల్లనే గాలి దానిని పైకి నెట్టగలదు. దారం తెగిన పటం గిరికీలు కొట్టి అలలలో పడుతుంది.

ఎదిగే పిల్లలకు తల్లిదండ్రుల మాట అడ్డంకిగా తోచవచ్చును. కాని వారిని నిలిపేది అదే. పెద్దలు నేర్చుకోవలసినదీ ఉన్నది. దారం వదలకపోతే పటం పైకి లేవదు. గాలి బాగున్నప్పుడు వదలాలి, సడలినప్పుడు లాగాలి. ఊరకే గుంజితే కాగితం చిరుగుతుంది. తండ్రులు పిల్లలకు కోపము రేపకూడదని ఎఫెసీ 6వ అధ్యాయము హెచ్చరించుచున్నది.

మరి ఏ దారం? దారం కలపగలదు, కోయగలదు. 1848లో అమెరికా, కెనడాల మధ్య నయాగరా లోయపై వంతెన కట్టదలచినప్పుడు, హోమన్ వాల్ష్ అనే బాలుడు గాలిపటంతో మొదటి దారాన్ని అవతలి ఒడ్డుకు చేర్చాడు. దానికి లావుపాటి తాళ్ళు కట్టి లాగారు. ఆ విధంగా వంతెన పని మొదలయింది. గాజుపొడి పూసిన నైలాను మాంజా అయితే బండిమీద పోయేవారి గొంతులను, పక్షుల రెక్కలను కోస్తుంది. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా దానిని నిషేధించింది. పొరుగువాని పటాన్ని కోసి గెలవాలనే ఆశ ఎంత దూరం తీసుకుపోయిందో చూడండి!

తల్లిదండ్రులారా, పిల్లల చేతికి ఏమీ పూయని నూలుదారమే ఇవ్వండి. కరెంటు తీగలకు దూరంగా ఎగరవేయించండి. ఇసుకలో తెగిపడిన దారపు ముక్కలను ఏరించండి. హోషేయ 11వ అధ్యాయములో దేవుడు తన ప్రజలను ప్రేమ అనే బంధముతో నడిపించినట్లు చదువుతాము. మన ఇండ్లలో పిల్లలను పట్టి ఉంచే దారమును అట్టిదే అగునట్లు ప్రభువు కృప దయచేయును గాక. ఆమేన్.