గోడ మీదికి చైనా పాత చెక్కుడు పలక.. కొనేముందు ఇవి చూసుకోండి

మా నానీ ఇల్లు అపార్ట్‌మెంట్‌కి ఇచ్చినప్పుడు, పాత టేకు దర్వాజాను తూకం లెక్కన అమ్మేశాం. ఇప్పుడు యూసుఫ్‌గూడ ఫ్లాట్‌లో హాలు గోడ బోసిగా ఉందని అమ్మీ ఫోన్‌లో చైనా చెక్కుడు పలకలు చూస్తున్నారు. "వందేళ్ల నాటిదట, తీసుకుందామా బేటా?" అని అడిగారు. అందుకే కాస్త వివరాలు తెలుసుకున్నాను.

అసలు ఈ పలకలు ఎక్కడివి? చైనాలో పాత ఇళ్లు ఎక్కువగా చెక్క చట్రం మీదే నిలబడేవి. బరువంతా స్తంభాలు, దూలాలు మోసేవి. అందుకే ముందు వైపు గోడ బదులు చెక్కిన తలుపులు, జాలీ కిటికీలు పెట్టేవాళ్లు. అద్దం లేని రోజుల్లో జాలీకి కాగితం అంటించేవాళ్లు. ఆ ఇళ్లు కూల్చినప్పుడు మిగిలిన ముక్కలే ఇప్పుడు అలంకరణ సామాను అయ్యాయి.

అయితే, 1911కి ముందు నాటి పురాతన వస్తువులు దేశం దాటకుండా చైనా 2007లో నియమం కఠినం చేసింది. కాబట్టి "రెండొందల ఏళ్లది, కొత్తగా వచ్చిన సరుకు" అని ఎవరైనా అంటే రెండింట్లో ఒకటి: అది పాతది కాదు, లేదా సరైన దారిలో రాలేదు.

మన దగ్గరా 1972 చట్టం ఉంది. వందేళ్లు దాటిన కళావస్తువు, కట్టడం నుంచి ఊడదీసిన భాగం కూడా పురావస్తువు కిందికే వస్తాయి. వాటి వ్యాపారానికి లైసెన్స్ కావాలి. మామూలు మనుషులు విదేశాలకు పంపకూడదు. గల్ఫ్‌లో ఉన్న అబ్బాయికి కానుకగా పంపుదామన్నా కుదరదు. బిల్లు, లైసెన్స్ నంబర్ అడిగి తీసుకోండి.

పాతదా కాదా ఎలా తెలుస్తుంది? పలకను వెనక్కి తిప్పండి. చేతి ఉలి గుర్తులు హెచ్చుతగ్గులుగా ఉంటాయి. మెషిన్ చెక్కుడు అంతా ఒకేలా ఉంటుంది. పాత పనిలో ముక్కలు ఒకదాంట్లో ఒకటి దూర్చి బిగిస్తారు, మేకులు తక్కువ. చేయి తగిలే చోట నునుపుగా, మూలల్లో దుమ్ము పట్టి ఉండాలి. అంతటా ఒకే నలుపు ఉంటే రంగు పూశారని అనుమానించండి. చిన్న రంధ్రాల నుంచి మెత్తని పొడి రాలుతుంటే పురుగు ఇంకా బతికే ఉంది. ఇంట్లోకి తేకండి.

పూలు, తీగలు, గీతల డిజైన్లే కాక, మనుషులు, దేవతల బొమ్మలు కూడా ఈ పలకల్లో ఎక్కువే. నమాజు చదివే గదిలో పెట్టాలనుకుంటే ముందే చూసుకోండి.

బిగించేటప్పుడు ప్లాస్టర్‌లో మేకు కొట్టి వేలాడదీయొద్దు. మేస్త్రీతో గోడ లోపలిదాకా బోల్టులు వేయించండి. వెనక గాలి ఆడేలా కొంచెం సందు వదలండి. తడి గుడ్డ వద్దు, పొడి బ్రష్ చాలు. పాత రంగులో సీసం ఉండొచ్చు, పిల్లలున్న ఇంట్లో గీకొద్దు.

కొనేముందు ఒకసారి సాలార్‌జంగ్ మ్యూజియంలో చైనా వస్తువులు చూసి రండి, కంటికి తేడా తెలుస్తుంది. శుక్రవారం సెలవు.

చివరిగా ఒక్క మాట. మీ ఇల్లు బిల్డర్‌కి ఇస్తుంటే, దర్వాజా, కిటికీ ముందే తీయించి దాచుకోండి. చైనా పలక డబ్బిస్తే దొరుకుతుంది. నానీ చేయి అరిగించిన గొళ్లెం మాత్రం ఎంత డబ్బు పెట్టినా తిరిగి రాదు.