రబీ జొన్న: గింజతో పాటు చొప్పనూ లెక్కలోకి తీసుకోండి

నల్లరేగడి భూముల్లో వానలు వెనకపట్టే వేళకు రబీ జొన్న విత్తే అదను వస్తుంది. కర్నూలు, నంద్యాల, అనంతపురం, వికారాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో నేలలో నిలిచిన పదునుతోనే ఈ పంట చేతికి వస్తుంది. పాడి ఉన్న రైతుకు జొన్న అంటే ఇంటికి గింజ, కొట్టానికి మేత. వేసవిలో చొప్ప కొనవలసి వస్తే పాల డబ్బు మేతకే పోతుంది. కనుక విత్తే ముందే ఈ క్రింది విషయాలు ఆలోచించుకోవలసిందిగా సభ్యులను కోరుతున్నాము.

ఎంత వేయాలి?

ముందు మేత లెక్క చూసుకోవాలి. గేదెకు రోజుకు 6 కిలోల ఎండుమేత చొప్పున రెండు గేదెలకు 120 రోజులకు 1,440 కిలోలు కావాలి. తొక్కుడుకు, వృథాకు మరికొంత కలుపుకోవాలి. గత ఏడు మీ చేలో ఎకరానికి ఎంత చొప్ప వచ్చిందో గుర్తుంటే ఎన్ని ఎకరాలు వేయాలో తేలిపోతుంది.

ఏ రకం, ఎప్పుడు?

గింజతో పాటు మంచి చొప్పనిచ్చే రకాన్ని ఎన్నుకోవాలి. 1930 దశకంలో మహారాష్ట్రలోని మోహోల్‌లో మాల్దండి జొన్న నుండి ఎంపిక చేసిన ఎం 35-1 రకం నేటికీ సాగులో ఉన్నదంటే దాని చొప్ప నాణ్యత ఒక ముఖ్య కారణం. నంద్యాల పరిశోధనా స్థానం రూపొందించిన నంద్యాల తెల్ల జొన్న రకాలు కూడా ఉన్నాయి.

ఉత్తర, హస్త కార్తెలలో, అంటే సెప్టెంబరు రెండవ పక్షం నుండి అక్టోబరు మొదటి పక్షంలోగా విత్తడం మంచిది. ఆలస్యమైన కొద్దీ పై పదును ఆరిపోయి మొలక పలచబడుతుంది. ఎకరానికి 3 నుండి 4 కిలోల విత్తనం చాలు. సాలుకు సాలుకు 18 అంగుళాలు, మొక్కకు మొక్కకు 5, 6 అంగుళాలు ఉండాలి. చొప్ప ఎక్కువ వస్తుందని ఒత్తుగా విత్తకూడదు. ఒత్తు పైరు పదునును త్వరగా తాగేస్తుంది. గింజ పాలు పోసుకునే వేళ బెట్ట తగిలితే మసికుళ్ళు తెగులు సోకి మొక్కలు పడిపోతాయి. నత్రజని మోతాదు మించినా ఈ తెగులు ఎక్కువవుతుంది.

మొవ్వు ఈగ

మొలిచిన మొదటి నెలలో ఈ ఈగ పురుగు మొవ్వును తినేస్తుంది, మొవ్వు ఎండిపోతుంది. థయామిథాక్సామ్ మందుతో, డబ్బాపై రాసిన మోతాదులో విత్తనశుద్ధి చేసుకోవాలి. మందు కలిపిన విత్తనం మిగిలితే దాణాలో ఎంత మాత్రం కలపకూడదు. ఒకరు ముందు, ఒకరు వెనుక విత్తితే ఈగ ముందటి చేలలో పెరిగి వెనుకటి చేల మీద పడుతుంది. కనుక సంఘ సభ్యులందరూ మాట్లాడుకొని, ఊరంతా దాదాపు ఒకే వారంలో విత్తుకుంటే అందరికీ మేలు.

లేత జొన్న విషం

ఇది పశువు ప్రాణానికి సంబంధించిన విషయం. లేత జొన్నలో ఉండే ఒక పదార్థం పశువు కడుపులో హైడ్రోసయనిక్ ఆమ్లంగా మారుతుంది. బెట్టకు గిడసబారిన పైరులోను, కోసిన మోళ్ళ నుండి వచ్చే పిలకల్లోను ఇది ఎక్కువ. ఈ పిలకలనే పల్లెల్లో నాము అంటారు. ఒత్తు తీసిన మొక్కలను, మొవ్వు చచ్చి పీకేసిన మొక్కలను మోపు కట్టి ఇంటికి తెచ్చి గేదెకు వేయడం చాలా చోట్ల చూస్తున్నాము. ఇది మానుకోవాలి. చేను సగం పూతకు వచ్చే వరకు పచ్చిజొన్న కోసి వేయకూడదు. కోత అయిన చేలో పచ్చని పిలకలు కనిపిస్తే పశువులను తోలకూడదు.

విషం తగిలిన పశువు ఆయాసపడుతుంది, వణుకుతుంది, తూలి పడిపోతుంది. నిమిషాలలోనే ప్రాణం పోవచ్చు. నాటువైద్యంతో కాలయాపన చేయక వెంటనే పశువైద్యుని పిలవాలి. సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ మందులను ఆయన సకాలంలో నరానికి ఎక్కిస్తే పశువు బ్రతికే అవకాశం ఉంది.

అంతరకృషి, కోత

విత్తిన మూడవ, అయిదవ, ఎనిమిదవ వారాలలో గుంటక తోలితే కలుపు పోవడమే కాక నేల బీటలు పూడి పదును నిలుస్తుంది. ఒక్క తడికి నీరున్నవారు పొట్ట దశలో ఇచ్చుకోవాలి. గింజ అడుగున నల్లని మచ్చ కనిపిస్తే పంట పక్వానికి వచ్చినట్లే. ఆపైన చేలో నిలబెడితే ఆకులు ఎండి రాలి చొప్ప విలువ తగ్గుతుంది. కోసి ఆరబెట్టిన చొప్పను వానకు తడవకుండా వామి వేసుకొని, ముక్కలు చేసి మేపితే పశువులు దంటు వదిలిపెట్టవు.

ఈ విషయాలను విత్తనాలకు ముందు జరిగే సంఘ సమావేశంలో చర్చించవలెనని, నాము సంగతి పశువులను తోలుకుపోయే పిల్లలకు, ఇంటి ఆడవారికి కూడా తెలియజేయవలెనని సభ్యులకు మా మనవి.