అరవై దాటాక ఆట నేర్చుకోవచ్చా?
మాస్టారి గోల్ఫ్ కథ, మేము నేర్చుకున్న పాఠం



మన వన్ టౌన్‌లో గోల్ఫ్ గురించి రాస్తే నవ్వుతారని మాకు తెలుసు. కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర రెండు రిక్షాలు ఎదురుపడితేనే దారి ఉండదు, ఎకరాల కొద్దీ పచ్చిక ఎక్కడిది? అయినా ఈ సంచికలో గోల్ఫ్ గురించే రాస్తున్నాము. మన సంఘంలోని ఒక పెద్దాయన 64వ ఏట ఆ ఆట మొదలుపెట్టారు. దాని వల్ల ఆయన ఆరోగ్యం బాగుపడింది. దాని వల్లే కాలివేలు పోగొట్టుకోబోయారు కూడా. రెండూ నిజమే. తన పేరు వద్దని, కథ మాత్రం తప్పక రాయమని ఆయనే అడిగారు. మాస్టారు అని రాస్తాము.

అమెరికాలో ఆరు నెలలు

మాస్టారు ముప్పై ఏళ్లకు పైగా బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పన్నెండేళ్లుగా షుగరు. కొడుకు, కోడలు టెక్సాస్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. మన కుటుంబాల్లో చాలామంది లాగే ఆయన, భార్య ఆరు నెలల వీసా మీద వెళ్లారు. అక్కడి సంగతి వెళ్లివచ్చిన వారికి చెప్పనక్కరలేదు. ఉదయం ఎనిమిదికల్లా ఇల్లు ఖాళీ. బయటికి వెళ్లాలంటే కారు కావాలి. పలకరించే మనిషి ఉండడు. సోఫా, టీవీ, ఫ్రిజ్. మొదటి నెలలోనే మాస్టారి షుగరు పెరిగింది, మాట తగ్గింది.

కొడుకు ఒక శనివారం తండ్రిని గోల్ఫ్ బంతులు కొట్టే మైదానానికి తీసుకెళ్లాడు. అక్కడ ఊరి పురపాలక సంఘాలు నడిపే గోల్ఫ్ మైదానాలు కూడా ఉంటాయి, డబ్బు కట్టి ఎవరైనా ఆడవచ్చు. మొదటి రోజు మాస్టారు ఇరవైసార్లు కర్ర ఊపితే బంతికి తగిలింది ఆరుసార్లు. "నలభై మంది పిల్లల ముందు నిలబడిన వాణ్ణి, ఆ చిన్న బంతి ముందు సిగ్గుపడ్డానమ్మా" అన్నారు మాతో. అయినా మళ్లీ వెళ్లారు. పెద్దవాళ్లకు నేర్పే తరగతిలో చేరారు. రెండో నెలకు వారానికి మూడుసార్లు, బండి ఎక్కకుండా నడుస్తూ, తొమ్మిది గుంతల ఆట ఆడే స్థితికి వచ్చారు. తోడు ఆడేవారిలో ఒకాయనకు డెబ్బై ఆరేళ్లు, ఇంకొకాయనకు గుండె ఆపరేషన్ అయింది. మాస్టారికి మాట తిరిగి వచ్చింది.

గోల్ఫ్ అంటే ఏమిటి?

తెలియని వారి కోసం నాలుగు మాటలు. బంతి బరువు 46 గ్రాములు దాటకూడదు. దాన్ని కర్రతో కొట్టి, దూరంగా ఉన్న 108 మిల్లీమీటర్ల వెడల్పు గుంతలో వేయాలి. ఇలాంటి గుంతలు 18. ఎవరు తక్కువ దెబ్బల్లో ముగిస్తే వారు గెలిచినట్టు. బండి ఎక్కకుండా ఆడితే ఒక పూర్తి ఆటకు ఆరేడు కిలోమీటర్ల నడక అవుతుంది, నాలుగు గంటలు పడుతుంది. పరుగెత్తే పని లేదు, ఎగిరే పని లేదు. ఎదుటివాడు మన మీదికి బంతి కొట్టడు. కొత్తవారికి, పాతవారికి తేడాను సరిచేసే హ్యాండిక్యాప్ అనే లెక్క ఉంది, కాబట్టి తాత, మనవడు కలిసి ఆడవచ్చు. ముసలితనంలో మొదలుపెట్టదగిన ఆటల్లో దీన్ని చేర్చడానికి కారణాలు ఇవే.

ఆట స్కాట్లాండ్‌లో పెరిగింది. మన దేశానికి ఆంగ్లేయులతో వచ్చింది. 1829లో కలకత్తాలో క్లబ్బు పెట్టారు. మన రాష్ట్రంలో విశాఖపట్నంలో ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బు ఉంది. హైదరాబాద్‌లో గోల్కొండ నయా ఖిల్లాలో ఆడతారు. ఇది డబ్బున్నవారి ఆట అనే మాట మన దగ్గర అబద్ధం కాదు. ఆ సంగతికి చివర్లో వస్తాము.

స్వీడన్‌లోని కరోలిన్స్కా ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 2008లో సుమారు 3 లక్షల మంది గోల్ఫ్ ఆటగాళ్ల వివరాలు పరిశీలించారు. అదే వయసు, అదే స్థితిగతులు ఉన్న మిగతా జనంతో పోలిస్తే వీరిలో మరణాల రేటు 40 శాతం తక్కువగా కనిపించింది. అంతా గోల్ఫ్ పుణ్యమేనని మేము అనము. ఆరోగ్యం ఉన్నవారే ఆడగలుగుతారు కదా! అయితే రోజూ బయట గాలిలో నడవడం, నలుగురితో కలవడం మేలు చేస్తాయనడంలో సందేహం లేదు.

సాక్సు మీద రక్తపు మరక

నాలుగో నెలలో మాస్టారి భార్య బట్టలు ఉతకబోతూ, కుడి సాక్సు మీద మరక చూసింది. బొటనవేలి కింద బొబ్బ చితికి, పుండు పడింది. ఆయనకు ఏమీ తెలియలేదు. నొప్పి లేదు!

ఆయన వేసుకున్నవి కొడుకు పాత బూట్లు, కొంచెం బిగుతు. కుడిచేతి వాటంతో కర్ర ఊపేటప్పుడు, చివరికి కుడి మడమ లేచి బరువు బొటనవేలి మీద తిరుగుతుంది. ఒక పూటలో అలా వంద సార్లు. మామూలు పాదమైతే పదో సారికే మంట పుట్టి ఆపించేది. పన్నెండేళ్ల షుగరు ఆ మంటను తెలిపే నరాలను మొద్దుబార్చింది.

ఆయన భార్య చేత ఒట్టు వేయించుకున్నారు, కొడుక్కి చెప్పవద్దని. చెబితే ఆట మాన్పిస్తాడు, పైగా అక్కడి ఆసుపత్రి ఖర్చు వాడి మీద పడుతుంది. పసుపు రాసి, గుడ్డ కట్టి, ఆడుతూనే ఉన్నారు. మూడు వారాల తర్వాత వేలు వాచి నల్లబడుతుంటే ఆవిడే ఒట్టు తీసి గట్టు మీద పెట్టి కొడుక్కి చెప్పింది. టిక్కెట్టు ముందుకు జరిపించుకుని వచ్చేశారు. విజయవాడలో దిగి, ఇంటికి వెళ్లకుండా, పెట్టెలతో నేరుగా మా ఓపీకి వచ్చారు.

మేము ఒప్పుకోవలసిన మాట

ఆ రోజు మా డ్రెస్సింగ్ రూమ్‌లో పరీక్ష కోసం వాడే నైలాన్ దారాన్ని ఆయన పాదాల మీద పది చోట్ల ఆనించాము. కళ్లు మూసుకుని, తెలిసినప్పుడు చెప్పమన్నాము. నాలుగు చోట్లే చెప్పారు. ఆ పరీక్షకు మూడు నిమిషాలు పట్టింది.

అమెరికా వెళ్లే ముందు మాస్టారు మా దగ్గరికే వచ్చారు. బి.పి. చూశాము, రక్తం తీశాము, ఆరు నెలల మాత్రలు కట్టి ఇచ్చాము, ప్రయాణం కోసం ప్రార్థన కూడా చేశాము. చెప్పులు విప్పమని మాత్రం అడగలేదు. ఆ మూడు నిమిషాలు అప్పుడే వెచ్చించి ఉంటే, ఆయన బూట్ల విషయంలో జాగ్రత్తపడేవారు. పొరపాటు మాది. ఆయన ముందే ఆ మాట ఒప్పుకున్నాము. "లెక్క తప్పితే కొట్టేసి మళ్లీ చేయమనేవాణ్ణి పిల్లలతో. మీరూ మళ్లీ చేయండి సిస్టరమ్మా" అన్నారు.

దేవుని కృప వల్ల ఎక్స్‌రేలో ఎముకకు చీము పట్టలేదని తేలింది. డాక్టరుగారు చచ్చిన కండ తీసేశారు. యాంటీబయాటిక్స్, రోజు విడిచి రోజు డ్రెస్సింగ్, ఆ కాలి మీద బరువు మోపకుండా జాగ్రత్త. తొమ్మిది వారాలకు పుండు మానింది. వేలు దక్కింది. ఇంకొక సంగతి కూడా రాయాలి. వెళ్లేటప్పుడు 8.9 ఉన్న మూడు నెలల షుగరు సగటు, వచ్చాక 7.6. ఆట ఆయనకు మేలే చేసింది. కీడు చేసినవి బిగుతు బూట్లు, తెలియని తిమ్మిరి, దాచిన పుండు.

ఇప్పుడు మా ఓపీలో షుగరున్న ప్రతివారినీ ఏడాదికి ఒకసారైనా చెప్పులు విప్పించి చూస్తున్నాము. ఊరు వెళ్తున్నామన్నా, నడక మొదలుపెడుతున్నామన్నా ముందు పాదాలే చూస్తాము. మేము మరచిపోతే మీరే విప్పి చూపించండి, మొహమాటపడవద్దు.

యాభై దాటి ఆట మొదలుపెట్టేవారికి

గోల్ఫ్ అయినా, షటిల్ అయినా, కృష్ణ ఒడ్డున నడక అయినా ఈ జాగ్రత్తలు ఒకటే.

1. ముందు డాక్టరుగారిని కలవండి. గుండె జబ్బు, బి.పి., షుగరు ఉన్నవారు తప్పనిసరిగా. మెట్లు ఎక్కితే ఛాతీ బిగిస్తుంటే ఆ మాట దాచవద్దు.

2. బూట్లు సాయంత్రం కొనండి. అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బి ఉంటాయి. పొడుగాటి వేలి ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. కొత్త బూట్లు మొదటి రోజు గంటకు మించి వేసుకోవద్దు. ఒకరి బూట్లు ఒకరు వేసుకోవద్దు.

3. వేసుకునే ముందు బూటు తిరగేసి దులపండి. ఆడి వచ్చాక అరికాళ్లు చూసుకోండి. వంగలేని వారు నేల మీద అద్దం పెట్టుకోండి, లేదా ఇంట్లో వారిని చూడమనండి. బొబ్బ, పగులు, ఆనె, రంగు మార్పు కనిపిస్తే ఆట ఆపి, ఆ రోజే చూపించండి.

4. తిమ్మిరి ఉన్నవారు వట్టి కాళ్లతో నడవవద్దు. మన గుడి మెట్ల దగ్గర చెప్పులు విడిచి మే నెలలో సిమెంటు నేల మీద నడిచి, అరికాళ్లు కాలినా తెలియక వచ్చినవారిని ఏటా చూస్తున్నాము. ఫిబ్రవరిలో గుణదల మాత ఉత్సవాలకు కొండ ఎక్కేవారూ గమనించాలి. ఎం.సి.ఆర్. చెప్పులు వేసుకుంటే భక్తి తగ్గదు.

5. ఇన్సులిన్, షుగరు మాత్రలు వాడేవారు ఖాళీ కడుపుతో ఆడవద్దు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం వస్తే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగండి. పావుగంటకు తగ్గకపోతే మళ్లీ తాగండి. జేబులో గ్లూకోజు పొట్లం, పేరు, ఇంటి ఫోను నంబరు రాసిన చీటీ ఉంచుకోండి.

6. మెల్లగా మొదలుపెట్టండి. గోల్ఫ్‌లో కొత్తవారికి ఎక్కువగా పట్టేది నడుము, తర్వాత మోచెయ్యి. బలంగా కొట్టాలనే ఆశే కారణం. మొదటి నెల సగం ఊపే చాలు. ముందు పది నిమిషాలు నడిచి, భుజాలు, నడుము కదిలించి ఆడండి.

7. మన ఎండ సంగతి తెలిసిందే. వేసవిలో ఉదయం ఏడున్నర లోపు ముగించండి. దాహం వేయకముందే నీళ్లు తాగండి.

8. ఛాతీలో నొప్పి, ఎడమ చేతికి లేదా దవడకు పాకే నొప్పి, ఊపిరాడకపోవడం వస్తే ఆట ముగిసేదాకా ఆగవద్దు. 108కి ఫోను చేయండి.

ఎంత ఆడాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం, పెద్దవారు వారానికి 150 నుండి 300 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చేయాలి. అంటే మాట్లాడగలుగుతూ, పాట పాడలేనంత శ్రమ. 65 దాటినవారు పడిపోకుండా ఉండేందుకు వారానికి మూడు రోజులు ఒంటి నిలకడను, కండబలాన్ని పెంచే వ్యాయామం కూడా చేయాలి.

మన వీధిలో ఏం ఆడదాం?

విజయవాడలో ఆట అనగానే చిన్నప్పటి నుండే నేర్చుకున్నవారు గుర్తుకు వస్తారు. షటిల్‌లో చేతన్ ఆనంద్, 2023 ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చిన విలువిద్య క్రీడాకారిణి జ్యోతి సురేఖ మన ఊరి బిడ్డలే. అందుకే "మాకింక ఆటలేమిటి" అంటారు పెద్దవారు. ఆడవారైతే "ఇంటి పని చాలదా" అంటారు. ఇంటి పని మనిషిని అలసిపోయేలా చేస్తుంది, నిజమే. కాని తన కోసం తాను వెచ్చించుకునే ఆ అరగంట వేరు. పతకం కోసం కాదు, మంచాన పడకుండా ఉండటం కోసం ఆడమంటున్నాము.

మాస్టారు ఇప్పుడు కొత్త బూట్లతో ఉదయం నదివైపు నడుస్తున్నారు. సాయంత్రం డాబా మీద స్టీలు గ్లాసు పడుకోబెట్టి, కొడుకు కొనిచ్చిన కర్రతో బంతిని అందులోకి నెడుతున్నారు. గుంత కంటే గ్లాసు ఇరుకు కాబట్టి అమెరికాలో కంటే ఇక్కడే కష్టం అంటారు. పక్కింటి పిల్లలు వరుస కట్టి నిలబడుతున్నారు. ఆయన భార్య ఇప్పటికి రెండుసార్లు ఓడించింది. ప్రతి రాత్రి ఆయన పాదాలు చూసేది కూడా ఆవిడే.

యెహోషువ గ్రంథం 14వ అధ్యాయంలో కాలేబు ఉన్నాడు. నలభై ఏళ్ల వయసులో దేశాన్ని వేగు చూసి వచ్చినవాడు, 85వ ఏట చదునైన నేల కాకుండా కొండసీమను అడిగాడు. మన ఎదురుగా గాంధీ కొండ ఉంది. అందరినీ రేపే ఎక్కమనడం లేదు. వీధి చివరి దాకా నడవడమే కొందరికి కొండ.

సంఘ పెద్దలకు ఒక విన్నపం. చర్చి ఆవరణలో యౌవనస్థులు షటిల్ ఆడే స్థలాన్ని ఉదయం ఒక గంట పెద్దవారికి వదలండి. మొదటి రోజు మా సిస్టర్లు వచ్చి అందరి పాదాలూ చూస్తారు. ఈసారి మరచిపోము.