గాలి చెడితే మేతలో సత్తువ తగ్గుతుంది

నిజామాబాద్ జిల్లా మాక్లూర్, ఆర్మూర్ చుట్టుపక్కల పసుపుతో పాటు పేరున్న పంట ఎర్రజొన్న. తిండిగింజగా కంటే పశుగ్రాసం విత్తనంగానే దీనికి గిరాకీ. విత్తనం ఎక్కువగా ఉత్తరాది రాష్ట్రాలకు పోతుంది. అది మొలిచే గంగా మైదానంలో గాలి దేశంలోనే బాగా చెడిపోయి ఉంది.

మేతకు ఎక్కువ చేటు చేసేది కంటికి కనబడని ఓజోన్. వాహనాలు, విద్యుత్ కేంద్రాలు వదిలే నైట్రోజన్ ఆక్సైడ్లు, ఇంధనాల ఆవిర్లు ఎండలో కలిసి నేల దగ్గర ఓజోన్‌ను పుట్టిస్తాయి. నగరంలో పుట్టిన పొగ గాలివాటున పల్లెకు చేరేసరికి ఓజోన్ పెరిగే సందర్భాలు ఎక్కువ. ఈ ఓజోన్ ఆకు రంధ్రాల గుండా లోపలికి చేరి కణాలను దెబ్బతీస్తుంది. బర్సీం వంటి పప్పుజాతి మేతల్లో ఆకు పైభాగాన, ఈనెల మధ్య తెల్లటి, గోధుమరంగు చుక్కలు పడతాయి. ఒక్కోసారి మచ్చ లేకుండానే నష్టం జరిగిపోతుంది. ఆకు ముందే ముదిరి మాంసకృత్తులు తగ్గుతాయి, కాడను గట్టిపరిచే లిగ్నిన్ పెరుగుతుంది. లిగ్నిన్ పట్టిన పీచును పశువు పొట్టలోని సూక్ష్మజీవులు సరిగా విడగొట్టలేవు. కడుపు నిండినా పాలు తగ్గుతాయి. మోపు బరువు చూసి మేతను అంచనా వేసే అలవాటు ఇక్కడే మోసం చేస్తుంది. జొన్న, మొక్కజొన్న కొంత తట్టుకుంటాయి. గడ్డి, పప్పుజాతి కలిపి వేసిన మడిలో మాత్రం పప్పుజాతి వెనకబడి మేత మరింత నాసిరకమవుతుంది.

ఇటుక బట్టీల బెడద వేరు. మట్టి కాలేటప్పుడు అందులోని ఫ్లోరైడ్ పొగలో కలిసి గడ్డి మీదికి చేరుతుంది. అదే గడ్డి ఏళ్ల తరబడి మేసిన పశువులకు పళ్లు మచ్చలు పడి అరుగుతాయి, కీళ్లు బిగిసి కుంటుతాయి.

ఫ్యాక్టరీ ప్రమాదాలూ మేతను తాకుతాయి. 2020 మే 7న విశాఖపట్నంలో ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి లీకై కనీసం 12 మంది చనిపోయారు, పశువులూ చనిపోయాయి. ఆ తర్వాత చుట్టుపక్కల మేత పశువులకు వేయవద్దని నిపుణులు సూచించారు.

రోడ్డు పక్క గడ్డి మీది దుమ్ము కడిగితే చాలావరకు పోతుంది. ఆకులోకి ఇంకిన ఫ్లోరైడ్ పోదు, ఓజోన్ తగ్గించిన మాంసకృత్తులు తిరిగి రావు. ఆ లోటును అలసంద, పిల్లిపెసర వంటి మేతలతోనో, పత్తిగింజల చెక్క, వేరుశనగ చెక్కతోనో పూడ్చాలి.