మూడో తీగ

అమెరికా ప్రయాణానికి సూట్‌కేసులో ఆవకాయ పక్కన మిక్సీ సర్దుతుంటే ఎవరో ఒకరు అడుగుతారు: ‘అది 110దా, 220దా?’ మన 230 వోల్టుల మిక్సీని అక్కడి వంటింటి సాకెట్‌కు పెడితే మూలుగుతుంది తప్ప పప్పు సరిగా నలగదు. నీళ్లు కాచే హీటర్ రాడ్డయితే తన వేడిలో నాలుగో వంతుకు కాస్త ఎక్కువ ఇస్తుంది, అంతే. వోల్టేజి సగమైతే కరెంటూ సగానికి పడిపోతుంది. రెండు సగాలూ కలిసి వేడిని పావుకు దించుతాయి.

ఈ తేడా వెనక రాగి ఖర్చు ఉంది. 1882 సెప్టెంబర్ 4న న్యూయార్క్ పెర్ల్ స్ట్రీట్ నుంచి ఎడిసన్ 110 వోల్టుల కరెంటు పంపాడు. ఆయన కార్బన్ ఫిలమెంట్ దీపాలు ఆ మోతాదుకు సరిపడేలా చేసినవి. కానీ వోల్టేజి తక్కువైతే అదే శక్తికి ఎక్కువ కరెంటు పారాలి. కరెంటు రెట్టింపైతే తీగలో వృథా అయ్యే వేడి నాలుగింతలవుతుంది. దాన్ని తగ్గించాలంటే తీగ లావెక్కాలి, రాగి కొనాలి.

మరుసటి ఏడాదే ఎడిసన్ మూడు తీగల పద్ధతికి పేటెంటు పొందాడు. ఇంగ్లండులో జాన్ హాప్కిన్సన్‌కూ విడిగా ఇదే ఆలోచన వచ్చింది. రెండు డైనమోలను వరసగా కలిపి, ఆ కలిసిన చోటు నుంచి మూడో తీగ తీశారు. మధ్య తీగకూ ఏదో ఒక చివరి తీగకూ నడుమ 110, రెండు చివరలకూ నడుమ 220. దీపాలు పాతవే, వీధి తీగల్లో ఉండేది మాత్రం రెట్టింపు వోల్టేజి. దీన్ని కావడితో పోల్చుకోవచ్చు. రెండు కుండలూ సమంగా ఉంటే కావడి ఒరగదు. తేడా ఉంటేనే చెయ్యి పట్టి ఆపాలి. మధ్య తీగ ఆ చెయ్యి. మోసేది తేడానే. లెక్క వేస్తే పాత రాగిలో ఎనిమిదింట మూడు వంతులే చాలు! నాకు ఎడిసన్ బల్బు కన్నా ఈ తీగే గొప్పగా అనిపిస్తుంది.

1899లో బెర్లిన్ ఇంకో అడుగు వేసి దీపాలనే 220కి మార్చింది. యూరప్ ఆ దారిన నడిచింది, బ్రిటన్ మీదుగా మనమూ చేరాం. అమెరికా పాత దీపాలనూ మూడు తీగలనూ రెండింటినీ ఉంచుకుంది. అందుకే అక్కడి ఇంట్లో ఇప్పుడు 120, 240 రెండూ ఉంటాయి.

దేనికి ఏది? టీవీకీ ఫ్రిజ్‌కీ 120 చాలు. వేడి పుట్టించే వాటి దగ్గరే చిక్కు. 15 ఆంపియర్ల మామూలు సాకెట్ ఇచ్చేది గరిష్ఠంగా 1800 వాట్లు. గంటల తరబడి నడిచే వాటికి 1440 దాటకూడదు. 4500 వాట్ల గీజరుకు 120 మీదైతే 37.5 ఆంపియర్లు కావాలి, 240 మీద అందులో సగం చాలు. అందుకే గీజరు, ఓవెన్, బట్టలారబెట్టే యంత్రం 240 సర్క్యూట్ మీద ఉంటాయి. టీ కెటిల్ మాత్రం 120 దగ్గరే ఉండిపోయింది. 25 డిగ్రీల లీటరు నీటిని మరిగించడానికి 1500 వాట్ల కెటిల్‌కు, బయటికి పోయే వేడి లెక్కలోకి తీసుకోకుండానే, మూడున్నర నిమిషాలు పడుతుంది. ఇంగ్లండులోని 3000 వాట్లదానికి అందులో సగం.

బిల్లు తగ్గుతుందని మాత్రం 240 ఎంచుకోవద్దు. మీటరు లెక్కించేది యూనిట్లను. తీగలో మిగిలే కాస్త వృథా తప్ప, అదే నీటిని అదే వేడికి తేవడానికి అన్నే యూనిట్లు పడతాయి.

భయపడాల్సింది మధ్య తీగ తెగినప్పుడు. అప్పుడు రెండు వైపులూ 240ని తమలో తాము పంచుకుంటాయి, అదీ అసమానంగా. తక్కువ సామాను నడుస్తున్న వైపు వోల్టేజి ఎగబాకి బల్బులు మాడతాయి. మన ఊళ్లలో మూడు ఫేజుల లైనులో ‘న్యూట్రల్ పోయింది’ అన్న రాత్రి కొన్ని ఇళ్లలో దీపాలు మసకబారి, పక్కిళ్లలో టీవీలు కాలిపోవడం కూడా ఇదే: కావడి పట్టుకున్న చెయ్యి జారింది.