తిమింగలం పాటా, కోలారు గబ్బిలాయీ

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల వారికి నీళ్ళంటే చెరువు, చెరువెండితే బోరు. సముద్రం చూడాలంటే చెన్నపట్నానికో మంగళూరుకో ప్రయాణం కట్టాలి. అటువంటి సీమలో పుట్టి, బి.కాం. చదివి, ముప్ఫై ఏళ్ళుగా బ్యాంకులో డెబిట్లూ క్రెడిట్లూ సరిచూసుకుంటున్న నాకు తిమింగలాలతో ఏం పని అని పాఠకులు అడగవచ్చు. ఆ పని పెట్టింది మా మేనకోడలు.

ఉగాదికి చింతామణిలో అందరం కలిశాం. భోజనాలయ్యాక, బెంగళూరులో జంతుశాస్త్రం ఎమ్మెస్సీ చదువుతున్న ఆ పిల్ల మా అమ్మ చెవి దగ్గర ఫోను పెట్టి, "అవ్వా, నీలి తిమింగలం పాడుతోంది, విను" అంది. అమ్మ కాసేపు విని, "ఏమీ వినపళ్ళేదే, ఛార్జి అయిపోయిందేమో చూడు" అంది. నేనూ విన్నాను. ఏదో గరగర తప్ప మరేమీ లేదు. పిల్ల నవ్వి, అదే రికార్డును పదింతలు వేగంగా తిప్పింది. అప్పుడు ఆగి ఆగి ఎక్కడో గువ్వ మూలిగినట్టు వినిపించింది.

"అంత పెద్ద జంతువుకు ఇంత చిన్న గొంతా?" అని అమ్మ ఆశ్చర్యపోయింది.

గొంతు చిన్నది కాదట. జంతువులన్నిటిలోనూ మహా బిగ్గరగా అరిచేవాటిలో నీలి తిమింగలం ఒకటి. కాకపోతే ఆ స్వరం మరీ మంద్రం. మనిషి చెవికి సెకనుకు సుమారు 20 కంపనాల నుంచి వినబడుతుంది. తిమింగలం పాట ఆ గడప దగ్గరే మొదలై నూరు దరిదాపుల్లో ఆగిపోతుంది. దాన్ని పలికించే శక్తి చేతిలో పట్టే ఫోను స్పీకరుకు లేదు. తంబురా మంద్ర తీగను కూడా దాటి దిగిపోయే నాదమన్నమాట.

ఇక ఆ నాదాన్ని పట్టేదెలా? నీళ్ళలో వెలుతురు ఎంతో దూరం పోదు. రెండు వందల మీటర్లు దిగితే పగలే చీకటి. శబ్దం మాత్రం గాలిలో సెకనుకు 340 మీటర్లు పోతే, సముద్రపు నీటిలో సుమారు 1500 మీటర్లు పోతుంది. మంద్ర స్వరమైతే వందల కిలోమీటర్ల అవతలికి కూడా చేరుతుంది. అందుకే అక్కడి జీవులు కంటికన్నా చెవిని నమ్ముకున్నాయి. వాటిని వెదికేవాళ్ళూ అదే దారి పట్టారు. హైడ్రోఫోన్ అనే నీటి మైకును సముద్రం అడుగున ఉంచుతారు. అందులో ఒక పింగాణీ వంటి ముక్క ఉంటుంది. నీటి ఒత్తిడి అలలు దాన్ని నొక్కితే చిన్న విద్యుత్తు పుడుతుంది, ఆ విద్యుత్తును పెట్టె రాసుకుంటుంది. నెలల తరువాత పెట్టెను పైకి తీసి కంప్యూటరు ముందు కూర్చుంటారు.

ఈ విద్య మొదట యుద్ధం కోసం పుట్టింది. 1950ల నుంచి అమెరికా నౌకాదళం రష్యా జలాంతర్గాములను పసిగట్టడానికి సముద్రం అడుగున మైకులు పరిచింది. ప్రచ్ఛన్న యుద్ధం ముగిసి, 1990లలో ఆ మైకులు శాస్త్రజ్ఞులకు అందుబాటులోకి వచ్చాయి. అంతకు ముందే, 1970లో, రోజర్ పేన్ అనే ఆయన మూపురం తిమింగలాల పాటలను గ్రామఫోను రికార్డుగా విడుదల చేస్తే జనం ఎగబడి కొన్నారు. తిమింగలాల వేటను ఆపాలన్న ఉద్యమానికి ఆ రికార్డు పెద్ద బలమైంది. వ్యాపార వేట మీద అంతర్జాతీయ నిషేధం 1986లో అమలులోకి వచ్చింది.

మన దేశం మాటకొస్తే, మా అమ్మ విననే వినని ఆ పాట మన లక్షద్వీపాల దగ్గరదే. దివ్య పణిక్కర్, క్యాథలీన్ స్టాఫర్డ్ అనే ఇద్దరు పరిశోధకులు కవరత్తి దీవి దగ్గర ఈతగాళ్ళ చేత హైడ్రోఫోన్లను అడుగున పెట్టించి, 2018 చివరి నుంచి 2020 జనవరి దాకా విన్నారు. నీలి తిమింగలం పాట అందులో దొరికింది. ఏప్రిల్, మే నెలల్లో మరీ ఎక్కువగా దొరికింది. అంటే మనం ఇక్కడ చింతపండు గింజ తీసి ఎండబెట్టుకునే రోజుల్లో అవి అక్కడ పాడుతున్నాయి. 2021లో ఆ సంగతి ప్రచురించారు. గంగా డాల్ఫిన్ల గణనలోనూ పడవ మీది కళ్ళకు తోడు నీటిలోని మైకులను వాడారు. 2025లో ప్రభుత్వం ప్రకటించిన మొత్తం 6,327. అందులో మూడు సింధు డాల్ఫిన్లు. గంగా డాల్ఫిన్‌కు చూపు దాదాపు లేదు, ఆ బురద నీటిలో అది టిక్కుటిక్కుమంటూ ఆ ప్రతిధ్వనితోనే దారి చూసుకుంటుంది.

ఇక్కడ నాలోని బ్యాంకువాడు మేల్కొన్నాడు. "అమ్మాయీ, వెయ్యి పాటలు దొరికాయంటే వెయ్యి తిమింగలాలనా, ఒక్కటే వెయ్యిసార్లు పాడిందనా?" అని అడిగాను.

"అదే కదా మామా అసలు చిక్కు!" అంది.

తిమింగలాల్లో పాడేవి మగవేనట. ఆడవీ పిల్లలూ ఆ పాటల లెక్కలో రావు. మగది కూడా మేస్తున్నప్పుడు ఊరుకోవచ్చు. కాబట్టి పాట దొరికితే అక్కడ ఒకటైనా ఉందని రసీదు. దొరకకపోతే లేదని చెప్పడానికి వీల్లేదు. అందుచేత ఏళ్ళ తరబడి అదే చోట, అదే పద్ధతిలో విని, ఏటికేడు తేడా చూస్తారు. మెక్సికోలోని కాలిఫోర్నియా సింధుశాఖలో వకీటా అనే చిన్న జీవి ఉంది, డాల్ఫిన్‌కు చుట్టం లాంటిది. అది ఆ ఒక్క చోటే బతుకుతుంది. మనిషిని చూస్తే దాక్కునే దాన్ని కంటితో లెక్కించలేక, 2011 నుంచి మైకులు పెట్టి దాని టిక్కులు లెక్కించారు. టిక్కులు ఏటికేడు మూడోవంతు చొప్పున పడిపోయాయి. చేపల వలల్లో చిక్కి చస్తున్నాయని తెలుసు, వలల మీద నిషేధాలూ వచ్చాయి. అయినా 2024 సర్వేలో కనిపించినవి 6 నుంచి 8.

ఆ అంకె విన్నాక ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. కాస్సేపటికి నేనే, "పోనీలే, మనకు సముద్రం లేదు, ఆ బాధా లేదు" అన్నాను.

"సముద్రం లేకపోతే ఏం మామా, మనకు గబ్బిలాయి ఉంది" అంది.

2007 దాకా మనమంతా కోలారు జిల్లావాళ్ళమే కదా. ఆ కోలారు పేరు పెట్టుకున్న గబ్బిలాయి ఒకటి ఉందని నాకు ఈ వయసు దాకా తెలియదు. 1994లో కాక్, భట్ అనే శాస్త్రజ్ఞులు దాన్ని కొత్త జాతిగా లోకానికి చెప్పారు. ముక్కు మీద ఆకు వంటి మడత ఉంటుంది, నోటితో గాక ముక్కుతో కేక వేస్తుంది. తేరహళ్ళి గుట్ట గుహల్లో ఉండేది, అక్కడ ఇప్పుడు లేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన చెల్మల శ్రీనివాసులు, భార్గవి శ్రీనివాసులు గార్ల బృందం వెదికితే హనుమనహళ్ళిలో ఒకే ఒక గుహలో దొరికింది. మొత్తం రెండు వందల లోపు. ప్రపంచంలో మరెక్కడా లేదు.

దాని కేకను వారు 2015లో అచ్చువేశారు. సెకనుకు లక్ష కంపనాలకు కాస్త పైన. మన చెవి ఇరవై వేల దగ్గరే చేతులెత్తేస్తుంది. తిమింగలం మన గడపను రాసుకుంటూ పోతే, ఇది మన కప్పు మీదుగా పోతుంది. దుర్గాదాస్ పేరున్న మరో జాతి కేక లక్షా డెబ్భై వేల దరిదాపుల్లో ఉంటుంది. కాబట్టి వల వేయకుండా, చేత్తో పట్టకుండా, చీకట్లో వింటూనే ఏది ఏదో చెప్పవచ్చు.

దాని కొంపకు వచ్చిన ముప్పు గ్రానైటు తవ్వకం. తరువాత కర్ణాటక ప్రభుత్వం ఆ గుహల చుట్టూ 30 ఎకరాలను రక్షిత ప్రాంతంగా ప్రకటించింది.

ఈ మాట దగ్గర నాకు నోరు పడిపోయింది. పాతికేళ్ళ కిందట, ఆ గుహకు చాలా దూరంలో వేరే గుట్ట దగ్గర, ఒక జల్లి క్రషరు అప్పు కోసం తనిఖీకి వెళ్ళినవాణ్ణి నేనే. మధ్యాహ్నం పూట పోయి, జీపు దిగి, గుట్ట చుట్టూ ఒకసారి చూసి, 'బండరాళ్ళు, ముళ్ళపొదలు, నిరుపయోగమైన భూమి' అని రిపోర్టు రాశాను. అప్పు మంజూరైంది, కంతులు సక్రమంగా కట్టారు. ఖాతా శుభ్రంగా మూసుకుంది. గుట్ట మాత్రం ఇప్పుడు లేదు. ఆ రాళ్ళ సందుల్లో ఏముండేదో, లేక నిజంగానే ఏమీ లేదో, నేను చెప్పలేను. చీకటి పడ్డాక అక్కడ నిలబడి వినలేదు కదా.

పండుగ మరునాడు పిల్ల కాలేజీ నుంచి తెచ్చుకున్న గబ్బిలాల మైకుతో బాగేపల్లి వైపు ఒక గుట్ట కిందకు నన్ను తీసుకుపోయింది. హనుమనహళ్ళి గుహ జోలికి మనలాంటివాళ్ళు పోకూడదని ముందే కట్టడి చేసింది. మూడు సాయంత్రాలు కూర్చున్నాం. మొదటి రెండు రోజులూ దోమలు తప్ప ఏమీ లేవు. అయినా ఆమె పుస్తకంలో తేదీ, చోటు, మొదలుపెట్టిన గంట, ఆపిన గంట, గాలి ఎలా ఉందో రాసి, ఎదురుగా 'సున్న' వేసింది. నాకు ముచ్చటేసింది. మా బ్యాంకులోనూ లావాదేవీ ఏదీ లేని నెలకు 'నిల్' స్టేట్‌మెంటు పంపాల్సిందే, పంపకపోతే పై ఆఫీసు నుంచి మెమో వస్తుంది.

మూడోనాడు ఏడుంబావుకు మైకులో పటపటమంటూ వేయించే ఆవాల చప్పుడు మొదలైంది. ఆకాశంలో నాకేమీ కనబడలేదు. ఏ జాతో బెంగళూరు వెళ్ళి కంప్యూటరులో చూసి చెబుతానంది.

ఇంటికి వచ్చేసరికి అమ్మ ఇంకా మేలుకునే ఉంది.

"ఈసారన్నా ఏమైనా వినబడిందేమిరా?" అని అడిగింది.