వెనక్కి కారే విద్యుత్తు

డయోడు విద్యుత్తును ఒకవైపే పోనిస్తుందని మీరు తరగతిలో చదువుకున్నారు గదా! నిజానికి ఎదురు దిశలో, అంటే తిరోబయాస్‌లో కూడా అది కాస్త పోనిస్తుంది. దీన్నే లీకేజి ప్రవాహం అంటారు. బల్బు వెలిగించే ప్రయోగాలలో దీని ఉనికే తెలియదు. కెపాసిటర్‌లో ఆవేశాన్ని నిలవ ఉంచవలసి వచ్చినప్పుడు మాత్రం బయటపడుతుంది.

ఒకసారి మా విద్యార్థి ఒకడు సైన్సు ప్రదర్శన కోసం, చప్పుడు ఎంత గట్టిగా వచ్చిందో చూపి ఆ అంకెను కాసేపు నిలిపే పరికరం చేశాడు. మైకు నుంచి పెంచిన వోల్టేజి డయోడు గుండా వెళ్ళి 1 మైక్రోఫారడ్ పాలియెస్టర్ కెపాసిటర్‌ను నింపాలి. (ఎలక్ట్రోలిటిక్ రకం ఇక్కడ పనికిరాదు, అదీ కారుతుంది.) పాత రేడియోలోంచి ఊడదీసిన జెర్మేనియం డయోడు పెట్టాడు. అంకె నిలవనే లేదు.

ఎందుకు? జెర్మేనియం డయోడు 10 మైక్రోఆంపియర్లు కార్చిందనుకుందాం. ప్రవాహాన్ని కెపాసిటీతో భాగించండి. సెకనుకు 10 వోల్టులు! నిండిన 4 వోల్టులు అరసెకనులోపే ఖాళీ.

1ఎన్4148 అనే సిలికాన్ డయోడుకు లీకేజి 20 వోల్టుల వద్ద, 25 డిగ్రీల సెంటీగ్రేడ్‌లో 25 నానోఆంపియర్లు మించదు. అంటే సెకనుకు 25 మిల్లీవోల్టులే. అది కొని తెచ్చి పెట్టాడు. అయినా పది సెకన్లలో 4 వోల్టులు 1.5కు దిగిపోయాయి. దుకాణంవాడు నాసిరకం అంటగట్టాడని వాడికి కోపం. నేనూ తల ఊపాను. వాడు తిరిగి ఇచ్చేయడానికి బయలుదేరుతుండగా లెక్క చూస్తే తప్పు మాదేనని తేలింది. మీటరును కెపాసిటర్‌కు తగిలించే ఉంచాం! దాని నిరోధం 10 మెగా ఓములు. 4 వోల్టుల వద్ద 400 నానోఆంపియర్లు అదే తాగేస్తోంది. డయోడు కార్చగల గరిష్ఠానికి ఇది 16 రెట్లు. మీటరు తీసేసి, అరనిమిషం ఆగి తాకిస్తే 3.8 వోల్టులు చూపింది.

ఆ మీటరుతోనే లీకేజిని కొలవవచ్చు. 9 వోల్టుల బ్యాటరీ ధనధ్రువానికి డయోడు కాథోడ్‌ను, ఆనోడ్‌ను మీటరు ఎర్రతీగకు, నల్లతీగను రుణధ్రువానికి కలపండి. వోల్టుల స్థానంలో 0.1 వోల్టు చూపితే 10 నానోఆంపియర్లు కారుతున్నట్లు. (చౌక మీటర్ల నిరోధం 1 మెగా ఓమే ఉండవచ్చు. అప్పుడు 100 అవుతుంది.)

ఇంకా తక్కువ లీకేజి కావాలంటే బి.సి.547 ట్రాన్సిస్టర్‌లో బేస్, కలెక్టర్ కాళ్ళను డయోడుగా వాడండి, ఎమిటర్‌ను వదిలేయండి. దీని హద్దు 30 వోల్టుల వద్ద 15 నానోఆంపియర్లు, సాధారణంగా అంతకంటే చాలా తక్కువే ఉంటుంది. ఎమిటర్, బేస్ కాళ్ళ జోలికి పోవద్దు. ఆ సంధి ఆరేడు వోల్టుల ఎదురు వోల్టేజికే లొంగిపోగలదు.

ఉష్ణోగ్రత సుమారు 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా లీకేజి రెట్టింపవుతుంది. రెంటచింతల ఎండలో, 45 డిగ్రీల వద్ద, అదే డయోడు నాలుగు రెట్లు కారుతుంది. వెలుతురు సంగతీ ఉంది. 1ఎన్4148 ఒళ్ళు గాజుది. పై ప్రయోగంలో దానిమీద టార్చి వెలుగు వేసి మీటరు అంకె చూడండి, ఆ తరువాత నల్ల టేపు చుట్టి మళ్ళీ చూడండి.